చీటీ వెనకవైపు

ఆ రోజు శేషశాయికి కాలు నిలవడం లేదు. గ్రంథాలయ శాస్త్రంలో మొదటి ర్యాంకు తెచ్చుకుని ఏటి ఒడ్డునున్న ఆశ్రమానికి తిరిగొచ్చి, రెండు నెలలు కిందామీదా పడి నాలుగు వేల పుస్తకాలకూ నంబర్లు వేశాడు. ఇప్పుడవి బీరువాల్లో బడిపిల్లల్లా చేతులు కట్టుకుని కూర్చున్నాయి. ఇక పుస్తకశాల తాళాలు తన చేతికి రావడమే తరువాయి.

తాళాల గుత్తి బోధానంద స్వామి బొడ్లో ఉంది. నలభై ఏళ్లుగా అక్కడే ఉంది. స్వామికి చూపు మందగించింది కాబట్టి ఎవరికో ఒకరికి అప్పగించక తప్పదు.

"ఇవాళ వచ్చే మొదటి మనిషికి కావలసిన పుస్తకం ఇవ్వు నాయనా. తర్వాత చూద్దాం," అన్నారాయన.

ఓస్, ఇంతేనా అనుకున్నాడు శేషశాయి.

తొమ్మిదింటికి తమలపాకు తోట నాంచారయ్య వచ్చాడు, మోకాళ్ల దాకా బురదతో. శేషశాయి తాను అచ్చు వేయించిన చీటీ ఒకటి హుషారుగా ముందుకు తోశాడు. పుస్తకం పేరు, రచయిత, విషయం, నంబరు. నాలుగు గళ్లు.

"ఇవి నింపండి. నిమిషంలో తెచ్చిస్తాను."

నాంచారయ్య చీటీని అటూ ఇటూ తిప్పాడు. "పుస్తకం పేరు నాకు తెల్దు బాబూ."

"పోనీ, రాసినవారి పేరు?"

"అదీ తెల్దు." చీటీ బల్లమీద పెట్టేశాడు. "మళ్లీ వస్తాలే."

అతను గుమ్మం దాటి పోతుంటే శేషశాయి స్వామి బొడ్లోని తాళాలకేసి చూశాడు.

స్వామి ఆ చీటీనే తీసుకుని, చేతికర్ర కూడా మరిచిపోయి, గబగబా బయటికి వెళ్లారు. నాంచారయ్యను మెట్టుమీద తన పక్కన కూర్చోబెట్టుకుని చీటీ వెనక్కి తిప్పారు.

"తోటలో ఏమైంది?"

అంతే, నాంచారయ్యకు మాట ఆగలేదు. "తీగె మొదట్లో నల్లబడి కుళ్లిపోతంది సామీ. నాలుగు సాళ్లు పోయినయ్. మా అయ్య పెట్టిన తోట. ఇంకో వారం ఇట్టాగే ఉంటే ఏం మిగలదు."

స్వామి వంకర అక్షరాలతో అదంతా రాసి, చీటీ శేషశాయి చేతికిచ్చారు.

చదువుతుంటేనే అతనికి తట్టింది. తీగ తెగుళ్లు! మూడో బీరువా, రెండో అర! ఒక్క పరుగున వెళ్లాడు. చెయ్యి వేసిన చోటే పుస్తకం దొరికింది. బొమ్మ ఉన్న పుట తెరిచి చూపగానే నాంచారయ్య కేకపెట్టాడు.

"ఇదే! ఇదే బాబూ మా తోటకొచ్చింది! మందు కూడా రాశాడే!"

పుస్తకాన్ని కండువాలో చుట్టుకుని పరుగులాంటి నడకతో తోటవైపు పోయాడు.

శేషశాయికి ఆనందం పట్టడం లేదు. "స్వామీ, ఏ పుస్తకమో మీకు ముందే తెలుసా?"

"నాకేం తెలుసు? అది నీ చదువుకే తెలియాలి. నేను అడిగానంతే."

శేషశాయి బల్ల దగ్గరికి వచ్చాడు. ఐదు వందల చీటీల కట్ట అక్కడే ఉంది. కాసేపు చూసి, కట్ట మొత్తాన్నీ బోర్లా తిప్పి పెట్టాడు. ఏటి గాలికి చీటీలు రెపరెపలాడాయి.

స్వామి బొడ్లోంచి తాళాల గుత్తి తీసి వాటిమీద పెట్టారు.

"ఎగిరిపోతాయి నాయనా," అన్నారు.