ఏనుగును ఇచ్చిన చోట

శిష్యులు ఏదైనా అడిగితే పరాంకుశం గారు జవాబు చెప్పరు. చదరంగం బల్ల ముందుకు జరిపి పావులు పేరుస్తారు. ఏలూరులో ఆయన అరుగు మీద ఆట నేర్చుకునే మాబోటి పెద్దవాళ్ళందరికీ ఇది అలవాటే. ఆ ఆదివారం ముకుందం అడిగినప్పుడూ అదే జరిగింది.

"గెలిచిన ఆటలో కూడా తప్పులు వెతికేవాళ్ళ మాట వినాలా గురువుగారూ?"

అడగడంలోనే ఉక్రోషం ఉంది. ముకుందం బస్సు డిపోలో గుమాస్తా. భోజనం వేళ ఫోన్లో మూడు నిమిషాల ఆటలు ఆడతాడు. మొన్న అలాంటి ఒక ఆటలో తెల్లపావులతో ఆడుతూ, ముక్కూ మొహం తెలియని ప్రత్యర్థి రాజు ముందు తన ఏనుగును బలిచ్చి, అతను దాన్ని చంపగానే ఆట కట్టించేశాడు. ఆ ఆటను చదరంగం గ్రూపులో పెడితే చప్పట్ల బొమ్మలు వరదలా వచ్చాయి. ఒక్కాయన మాత్రం ఇలా రాశాడు: "బల్ల మీద పేర్చుకుని చూశాను. ఏనుగును ఇచ్చిన చోట నల్లపావులకు తప్పించుకునే దారి ఉంది. మీరూ ఒకసారి చూడండి." ఇక ముకుందానికి అన్నం సహించలేదు. కంప్యూటర్ని అడిగితే చిటికెలో తేల్చేస్తుంది. అడగడానికి ధైర్యం చాలలేదు మహానుభావుడికి.

"నలభై దాటాయండీ నాకు. ఇన్నేళ్ళలో నేను చేసిన అందమైన పని ఇదొక్కటే. ఇదీ తప్పేనంటే ఇక ఈ ఆట నాకొద్దు," అన్నాడు. మాకెవరికీ నవ్వు రాలేదు.

గురువుగారు ఏనుగును ఇచ్చిన ఘట్టం దాకా పావులు పేర్చి, బల్లను అటుది ఇటు తిప్పారు. నల్లపావులు ముకుందం వైపు వచ్చాయి.

"ఇప్పుడాడు నాయనా," అన్నారు.

ముకుందం బిత్తరపోయాడు. ఫోన్లో ఎప్పుడూ తన పావులే కిందుంటాయి. ఆ ఆటను ఎన్నిసార్లు చూసి మురిసిపోయినా తన వైపు నుంచే చూసుకున్నాడు. ఇప్పుడు గురువుగారు తెల్లపావులతో అతని ఎత్తులే ఆడసాగారు. అతను ఏనుగును చంపాడు, ఓడాడు. రాజును పక్కకు జరిపాడు, ఓడాడు. ఆ తర్వాత కదలకుండా కూర్చుండిపోయాడు. వచ్చిన కాఫీలు చల్లారాయి. ఎండ అరుగు దిగిపోయింది. మాలో కొందరు ఇళ్ళకు వెళ్ళిపోయారు కూడా.

ఉన్నట్టుండి అతని చెయ్యి ముందుకు సాగింది. ఏనుగు జోలికి పోలేదు. ఎక్కడో దూరాన ఉన్న గుర్రాన్ని, ఆట మొదట్లో అది నిలబడిన గడిలోకే వెనక్కి తెచ్చి పెట్టాడు. అంతే, దాడి మొత్తం ఆగిపోయింది. తెల్లపావులు ఏ దారిన వచ్చినా ఆ గుర్రం కాపు కాస్తోంది. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. అంత గొప్ప ఎత్తు, చూస్తే ఒక వెనకడుగు!

"అబ్బ! ఎంత బాగుందండీ!" అన్నాడు ముకుందం. అతని గెలుపు చెల్లదని తేల్చింది ఆ ఎత్తే. అయినా దాని మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు.

మళ్ళీ తనే, "ఇది గ్రూపులో ఆయనకెలా కనబడిందండీ? ఆడిన నాకే ఇంతసేపు పట్టిందే!" అన్నాడు.

"ఆయనకూ పట్టే ఉంటుంది," అన్నారు గురువుగారు. "నువ్వు మూడు నిమిషాల్లో ముగించేసిన ఆట ముందు కూర్చుని."