దొరసానికి నీలం చీర

ఒక పసిప్రాణం గిలగిలా కొట్టుకుంటుంటే ఊరు ఊరంతా కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ చూసిందనుకోండి. వాళ్ళని జాలిగుండెలవాళ్ళనాలా, ఇంకేమన్నా అనాలా? ఇప్పుడే చెప్పకండి. మల్లికా, నీ నోరు నీకంటే ముందు లేస్తుంది, ఆగు. కథ అయ్యాక చెబుదువుగాని. ఊఁ కొట్టడం మాత్రం మానకండి.

అనగా అనగా ఉప్పుటేటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊరికో రాజు. ఆ రాజుకో కెమెరా. రాజుకి కెమెరా ఎక్కడిదంటారా? ఏనుగులుంటే తప్పులేదు గానీ కెమెరా ఉంటే తప్పా? నా కథ, నా రాజు.

ఏరు సముద్రంలో కలిసేచోట ఎత్తాటి ఇనప స్తంభం ఒకటుంది. దానిమీద కొత్తగా కాపురం పెట్టింది ఓ కోరమీను గద్దల జంట. చేపలు పట్టే గద్దలన్నమాట. తెల్లటి పొట్ట, కళ్ళమీదుగా నల్ల పట్టీ, కాళ్ళు ముందుకి చాపి దభీమని నీళ్ళలోకి దూకడం. కుర్ర జంట, మొదటి గూడు. మగది ఓ పుల్ల తెస్తే ఓ పుల్ల జారవిడిచేది. ఆడది మెడ తిప్పి చూసిన చూపుకే మళ్ళీ ఎగిరిపోయేది పాపం.

రాజుగారికి ముచ్చటేసింది. గూటి పక్కన కెమెరా బిగించి, కోటగోడకి పెద్ద తెర కట్టించాడు. ఇక చూసుకోండి! కూర మాడినా తెరే, పిల్లాడేడ్చినా తెరే, పాలు పొంగినా తెరే. మగదానికి దొరబాబనీ, ఆడదానికి దొరసాననీ పేర్లు కూడా పెట్టేశారు. దొరసాని గుడ్లు పెట్టిన రోజు వీధివీధికీ బెల్లం పంచారు.

రాజుగారి చిన్నకోడలు నూకాలు. తెలివైన పిల్లే. అయినా అందరితోపాటు తనూ ఆ తెరముందే. ఒకనాడు దొరబాబు, గట్టుమీద ఎవరో పారేసిన నీలంరంగు నైలాను వలముక్క పట్టుకొచ్చి గూట్లో పరిచాడు. పెళ్ళానికి చీర తెచ్చాడ్రోయ్ అని ఊరంతా ఒకటే ఈలలు. నూకాలూ విరగబడి నవ్వింది. జనం అంతటితో ఊరుకున్నారా? ఎర్రది వేస్తే తీసుకెళ్తాడా, పచ్చది వేస్తే తీసుకెళ్తాడా అని, ఇళ్ళలో ఉన్న పాత వలలన్నీ ముక్కలు చేసి గట్టంతా పరిచారు. పిచ్చి దొరబాబు! అన్నీ మోసుకెళ్ళాడు.

ఊఁ కొడుతున్నారా? ఇక్కణ్ణించి నవ్వు ఉండదు మరి.

గుడ్లు పగిలి ఇద్దరు పిల్లలొచ్చారు. ఓ పొద్దున చూస్తే చిన్నదాని కాలికి ఆ నీలం చీరే చుట్టుకుంది. పెద్దదాని కాలూ అందులోనే. దొరసాని ముక్కుతో లాగుతోంది, ముడి ఇంకా బిగుస్తోంది. నూకాలు తెరముందునుంచి లేచింది. స్తంభం దగ్గర కాపలా ఉండే పోలినాయుడి దగ్గరికి పరిగెత్తింది.

తాడుందా అంటే ఉంది. నిచ్చెనుందా అంటే ఉంది. కత్తుందా అంటే ఉంది. మరి ఎక్కవేం అంటే, హుకుం లేదు.

కొత్వాలు దగ్గరికి పరిగెత్తింది. తాడుంది, నిచ్చెనుంది, కత్తుంది, ఎక్కేవాడున్నాడు. మంత్రిగారి హుకుం లేదు.

మంత్రి దగ్గరికి పరిగెత్తింది. ఆయన వేలికి ఉంగరం తిప్పుకుంటూ, "చిన్నమ్మగారూ, ఇది ప్రకృతి. ప్రకృతిలో మనిషి వేలు పెట్టకూడదు" అన్నాడు.

"వేలెందుకండీ, వలే పెట్టేశాంగా! ఆ నైలాను ఏ చెట్టుకి కాసిందో చెప్పండి" అంది నూకాలు.

మంత్రి రాజుగారినడగమన్నాడు. రాజుగారు తెరముందు వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. "అబ్బ, చూడలేకపోతున్నానమ్మా" అన్నాడు, తెరమీంచి కళ్ళు తిప్పకుండానే. జనం ఏమంటారో కనుక్కోమన్నాడు. నూకాలు జనానికి ఎదురుగా నిలబడి నోరు తెరిచిందో లేదో, వెనకనుంచి ఎవరో అరిచారు: "అడ్డు తప్పుకోమ్మా, కనబడట్లేదు!"

తను వెనక్కి తిరిగేసరికి తెరమీద చిన్నది మెడ వాల్చేసింది.

"అమ్మమ్మా, నూకాలే ఎక్కి కోసెయ్యొచ్చుగా?" అంటున్నావా మల్లికా? నిచ్చెన దగ్గర బల్లేలు పట్టుకుని భటులు నిలబడ్డారే, వాళ్ళకి హుకుం ఉంది మరి. ఎవరినీ ఎక్కనివ్వకూడదని.

నూకాలు ఇంకెవర్నీ అడగలేదు. కోటలోకెళ్ళి తెరకి వచ్చే తీగ పీకేసింది.

తెర నల్లబడింది. ఊరు గొల్లుమంది. రాజుగారు సింహాసనం మీంచి లేచాడు, మంత్రి పరిగెత్తాడు, కొత్వాలు గుర్రమెక్కాడు. కెమెరాకేమైందో చూడండ్రా! తాడు తీయండి, నిచ్చెన వేయండి, కత్తి పట్టండి! ఇంత హుకుం అంతవరకూ ఎక్కడ నిద్రపోయిందో!

పోలినాయుడు నిచ్చెన మీద కాలు పెడుతుంటే నూకాలు వచ్చి, "నాయుడూ, నీకూ పిల్లలున్నారు. కెమెరా సంగతి తర్వాత, ముందు గూట్లో చూడు" అంది. అతను గబగబా ఎక్కాడు. పైన ముడులన్నీ కోశాడు. పెద్దదాన్ని విడిపించాడు. చిన్నదాన్ని తలపాగాలో చుట్టుకుని కిందికి తెచ్చాడు.

నూకాలు తీగ మళ్ళీ తగిలించింది. తెరమీద పెద్దది కుంటుకుంటూ లేచి నిలబడింది. చప్పట్లే చప్పట్లు. రాజుగారి కెమెరా కన్నే ప్రాణం కాపాడిందని మంత్రి దండోరా వేయించాడు. మళ్ళీ బెల్లం. అందరూ సుఖంగా ఉన్నారు.

చిన్నదాన్ని నూకాలు ఇసకలో పూడ్చి, తిన్నగా మామగారి దగ్గరికెళ్ళి నిలబడింది. "తీగ పీకింది నేనే. పిల్లకి దొరకని హుకుం కెమెరాకి చిటికెలో దొరికింది. అదెలాగో చెప్పండి, ఏ శిక్ష వేసినా పడతాను" అంది. రాజుగారు శిక్షేమీ వేయకుండా గట్టుమీద ఇంకో కెమెరా పెట్టించాడు.

నూకాలు గంప పట్టుకుని ఏటిగట్టుకెళ్ళి వలముక్కలు ఏరడం మొదలుపెట్టింది. నీలంవి, ఎర్రవి, పచ్చవి. పెద్దపిల్ల రెక్కలొచ్చి ఎగిరిపోయిన రోజు కూడా ఏరుతూనే ఉంది.

ఊరివాళ్ళు సాయం వచ్చారా అంటావా? లేదమ్మా. కొత్త కెమెరాలో నూకాలుని చూసి, ఎంత మంచి కోడలో అని మెచ్చుకున్నారు.

ఇప్పుడు చెప్పండి, నేను మొదట్లో అడిగినదానికి. ఊఁ అనకండి, ఊఁ నాకొద్దు. ఈ కథని కంచికి పంపే ఉద్దేశం కూడా లేదు నాకు. మన గట్టుమీదా ఉన్నాయి ఆ నీలంముక్కలు, నిన్ననే చూశాను. పొద్దున్నే ఆ ఫోన్లు తలగడ కింద వదిలేసి, గంప తీసుకుని నాతో రండి. ఏరడానికి రండి, చూడ్డానికైతే రావద్దు.