డెబ్బై ఐదు ఊళ్ల లైను

"మాస్టారూ, ఫోను ఒక్క నొక్కులో చేసి పెట్టే లెక్కని మనిషి మళ్లీ కూర్చుని ఎందుకు చూడాలి?"

సుభాషిణి ఇలా అడిగిన రోజున జోగినాయుడు మాస్టారు జవాబు చెప్పలేదు. ప్రశ్నని కొన్నాళ్లు నాననిస్తే గానీ ఉడకదని ఆయన నమ్మకం. సముద్రపు ఒడ్డు జిల్లాలో ఉన్న ఆ టెలిఫోన్ శిక్షణ కేంద్రంలో ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నారు. కిలోబిట్లను మెగాబిట్లలోకి, చిన్న లైన్లను పెద్ద లైన్లలోకి మార్చే లెక్కలన్నీ ఇప్పటికీ కాగితం మీదే చేయిస్తారు. ఆ చాదస్తానికి కుర్రకారు చాటుగా నవ్వుకునేవారు. సుభాషిణి చాటుమాటు రకం కాదు. పైగా కేంద్రం మొత్తానికి చురుకైన పిల్ల అని ఆమెకు పేరు, ఆ సంగతి అందరికన్నా ముందు ఆమెకే తెలుసు. అందుకే ఎదురుగా నిలబడి అడిగేసింది.

ఆ నెలలోనే ఒక పని వచ్చింది. ఒడ్డు వెంబడి డెబ్బై ఐదు ఊళ్లలో తుఫాను షెల్టర్లున్నాయి, వాటికి భూమిలోంచి లైను ఇవ్వాలి. గాలివానకు సెల్ టవర్లు చేతులెత్తేసిన రోజున, పడవలు దించొద్దని, పిల్లాజెల్లాతో షెల్టరు చేరుకొమ్మని ఆ ఊళ్లకు చెప్పడానికి అన్నిటికన్నా గట్టి దారి అదే. ఊరికొక చిన్న లైను, రెండు మెగాబిట్లూ చిల్లర. అన్నిటినీ కలిపి మోసే పెద్ద లైను నూట యాభై ఐదున్నర మెగాబిట్లు. సుభాషిణి ఫోనులో భాగించింది. దాదాపు డెబ్బై ఆరు వచ్చింది. కావలసినవి డెబ్బై ఐదు! కొలిచి కుట్టించిన రవికలాగ అతికినట్టు సరిపోయిందని మురిసిపోయి, పూటలో ప్లాను రాసి మాస్టారి ముందు పెట్టింది. ఆయన సంతకం చేశారు. ప్లాను పై ఆఫీసుకు వెళ్లిపోయింది.

లైన్లు కలిపే రోజు పొద్దున్నే సుభాషిణి ఆ పెద్ద లైను యంత్రం ముందు కూర్చుంది. ఒక్కొక్క తీగా పోర్టులో పెట్టడం, ఆ ఊరితో మాట్లాడడం, జాబితాలో టిక్కు కొట్టడం. అవతల నుంచి "హలో" అన్నప్పుడల్లా ఆమెకు పండగలాగే ఉంది. అరవై మూడో ఊరు పలికింది. అరవై నాలుగో తీగ చేతిలో ఉంది, పెట్టడానికి పోర్టు లేదు. యంత్రం వెనక్కి వెళ్లి చూసింది. ఇంకో పెట్టె రావాలేమోనని సామాను వచ్చిన కాగితాలన్నీ తిరగేసింది. ఇంకో పెట్టె లేదు. 

మాస్టారిని పిలుచుకొచ్చి, "పన్నెండు ఊళ్లు మిగిలిపోయాయి మాస్టారూ. నా లెక్క మాత్రం సరిగ్గానే ఉంది, కావాలంటే చూడండి" అంది.

ఆయన ప్లాను అందుకుని చాలాసేపు చూశారు. ముఖం పాలిపోయింది. కోపం వచ్చిందనుకుంది సుభాషిణి.

"దీంట్లో అరవై మూడే పడతాయమ్మా," అన్నారు మెల్లగా. "మిగతా చోటు లైను తన కోసం ఉంచుకుంటుంది. ఎవరి మాట ఎక్కడ మొదలైందో, ఎక్కడ దించాలో గుర్తులు వేసుకోవాలి కదా. అవి లేకపోతే ఒక ఊరి మాట ఇంకో ఊళ్లో పలుకుతుంది."

భాగహారంలో తప్పు లేదు. చోటంతా సరుకుకే అనుకోవడం తప్పు. చెంప ఛెళ్లుమన్నట్టయింది సుభాషిణికి. మిగిలిన ఊళ్లకు తనే చెబుతానని సెల్ ఫోను తీసి, జాబితాలో ఆఖరి ఊరికి చేసింది. అక్కడి షెల్టరు చూసుకునే గవరమ్మ ఎత్తింది.

"అయ్యో, మరెలాగమ్మా?" అంది గవరమ్మ అంతా విని. "కొత్త లైనొస్తాదని పాత వైర్‌లెస్ సెట్టు మొన్నే అట్టుకెళిపోనారు. ఎల్లుండి పెద్ద గాలంటన్నారు. సెల్లు కూడా పోతే మాకెవులు సెప్తారు?"

 ఊళ్లలోని పాత సెట్లన్నీ వెనక్కి తెప్పించవచ్చని ప్లాను చివర రాసింది ఎవరో కాదు, సుభాషిణే. నీటుగా ఉంటుందని రాసిన ఒక్క వాక్యం. మాస్టారి దగ్గరికి పరుగెత్తి దాన్ని చూపించింది.

ఆ మధ్యాహ్నమే మాస్టారు గోదాము తాళం తీయించారు. పన్నెండు సెట్లు వెతికి జీపులో పడేసుకుని గురుశిష్యులిద్దరూ బయల్దేరారు. ఒక ఊళ్లో బ్యాటరీ పనిచేయలేదు, ఇంకో ఊరి దారిలో ఇసుకలో బండి దిగబడింది. పన్నెండో సెట్టు గవరమ్మ షెల్టరులో బిగించేసరికి మర్నాడు సాయంత్రమైంది. అప్పటికే సముద్రం మడ్డిరంగుకు తిరిగింది. సెట్టు గరగరలాడి, ఆ గరగరలోంచి జిల్లా ఆఫీసు మనిషి గొంతు వినిపించింది. గవరమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఆ దణ్ణం చూడలేక సుభాషిణి బయటికొచ్చేసింది.

మాస్టారు జీపు పక్కన నిలబడి ఉన్నారు. దారి పొడుగునా అడగాలనుకున్న మాట ఆమె అప్పటికి అడగగలిగింది.

"మాస్టారూ, అరవై మూడే పడతాయని మీకు ముందునుంచీ తెలుసు. ప్లాను మీ చేతికిచ్చినప్పుడే ఎందుకు చెప్పలేదు? నాకు బుద్ధి రావాలనా? అందుకోసం పన్నెండు ఊళ్లని..."

ఏడుపొచ్చి ఆగిపోయింది. మాస్టారు తల అడ్డంగా ఊపారు.

"నేను చూళ్లేదమ్మా," అన్నారు.

 ఇరవై ఏళ్ల మాస్టారు ఆమె కళ్లలోకి చూడలేక ఇసుకలోకి చూస్తున్నారు.

"చేసింది నువ్వు కదా, మళ్లీ చూడ్డం ఎందుకనుకున్నాను."