అక్కపొయ్యి మాహాత్మ్యం

వనలోకమనే ఆన్‌లైన్ ఆటలో ఉత్తర కనుమ దారిన, తాళ్ల వంతెన దాటిన తరువాత నాలుగవ మలుపులో, ఎడమ చేతి వైపున అక్కపొయ్యి క్షేత్రం ఉన్నది. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు, హుండీ అసలే లేదు. మూడు నల్లరాళ్లు, వాటి నడుమ బూడిద, పక్కన ఒక మట్టి గిన్నె, గిన్నెలో చేపల పులుసు. ఆట తయారుచేసినవారి పటంలో ఈ మలుపుకు పేరు కూడా లేదు. కనుక మొదటిసారి వచ్చే యాత్రికులు వంతెన దగ్గర ఎవరినైనా అడిగి రావడం మేలు. అడగడానికి మొహమాటపడి నేరుగా పైకి పోయినవారు తోడేళ్ల పాలబడి, ఉన్న కత్తీ డాలూ పోగొట్టుకుని తిరిగివచ్చిన సందర్భాలు అనేకం.

మలుపు రాగానే గుర్రం దిగాలి. కత్తి ఒరలో పెట్టాలి. ఎంతటి బద్ధశత్రువులైనా ఈ రాళ్ల దగ్గర కొట్టుకోరాదు. రాక్షసులను చంపి చంపి చేతులు కాయలు కాచినవారు సైతం ఇక్కడికి రాగానే బుద్ధిమంతులైపోతారు. కథ తెలియక కొందరు ఈ గిన్నెను ఏదో దేవతదని అనుకుంటున్నారు. ఇది దేవతది కాదు. ద్రాక్షారామంలో బట్టలు కుట్టే అమ్మాజీగారిది.

పూర్వం ఇక్కడ రాళ్లు తప్ప మరేమీ ఉండేవి కావు. పూర్వమంటే కృతయుగమో త్రేతాయుగమో అనుకోవద్దు, పదకొండేళ్ల కిందటి మాట. అమ్మాజీకి వీరవేణి అని ఒక్కతే చెల్లెలు. ఆమెను కర్ణాటకలో సింధనూరు దగ్గర వలస రైతుల క్యాంపులో స్థిరపడిన గోదావరివాళ్ల ఇంటికి ఇచ్చారు. మనవాళ్లే, మన మాటే, కాని మధ్యన ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం. ఫోన్లో మాట్లాడుకుంటే పది నిమిషాలకే మాటలు అయిపోయేవి. ఏం కూర, దొండకాయ, నువ్వేం చేశావు, పప్పు. ఆ తరువాత ఇంకేముంటుంది?

అటువంటి రోజుల్లో వీరవేణికి ఎవరి ద్వారానో ఈ ఆట అంటుకున్నది, ఆమె నుంచి అక్కకు. ఇద్దరికీ కత్తి తిప్పడం ఎంత నేర్చుకున్నా రాలేదు. రాళ్లు దొర్లించి పొయ్యి పెట్టడం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. మధ్యాహ్నం పన్నెండున్నరకు అమ్మాజీ కుట్టుమిషను ఆపి, వీరవేణి వంటింటి పని ముగించి, ఈ మలుపులో కలుసుకునేవారు. ఒకరు ఏట్లో చేపలు పట్టేవారు, ఒకరు పుల్లలు ఏరేవారు. పులుసు ఉడికేదాకా చెరొక రాతి మీద కూర్చునేవారు. పక్కన కూర్చున్నవారితో మాటలు వెతుక్కోనక్కరలేదు, లోయలో పొగమంచు చూస్తూ ఊరికే ఉన్నా సరిపోయేది. అమ్మాజీ చెల్లెలికి వెదురు టోపీ ఒకటి అల్లి ఇచ్చింది. వెండి కిరీటాలు దొరికినా వీరవేణి ఆ టోపీ తీసేది కాదు.

ఆ సుఖం మూడేళ్లు సాగింది. తరువాత వారి తల్లికి జబ్బు చేసింది. అప్పటికి వీరవేణికి ఏడో నెల, డాక్టరు మంచం దిగవద్దన్నారు. అమ్మాజీ ఆసుపత్రి వరండాలో నిలబడి రోజూ ఫోన్లో ఒకే మాట చెప్పింది. అమ్మ బాగానే ఉంది, ఇప్పుడే పడుకుంది. తొమ్మిది రోజులు అదే మాట. పదవ రోజున తల్లి పోయింది. ఆ సంగతి కూడా చెల్లెలికి మూడోనాటి కార్యం అయ్యాక గాని తెలియనివ్వలేదు. అమ్మాజీ చేసింది తప్పో ఒప్పో తేల్చడం ఈ పుస్తకం వల్ల కాదు. బిడ్డ దక్కింది, కడసారి చూపు దక్కలేదు.

వీరవేణి ఫోన్లో ఏడవలేదు. "తొమ్మిది రోజులు నా దగ్గిర అమ్మని దాచేసేవు. ఇంక నాకు అక్క లేదు," అని పెట్టేసింది. ఆ తరువాత అక్క ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. చెల్లెలు పురుడు పోసుకున్నాక అమ్మాజీ ఉండబట్టలేక సింధనూరు వెళ్లింది. మరిది మర్యాదగా కాఫీ ఇచ్చి, "ఆవిడ పడుకుందండి వదినగారూ," అన్నాడు. లోపలి గదిలో ఉయ్యాల ఊగుతున్న చప్పుడు వినపడుతూనే ఉన్నది. అమ్మాజీ ఆ చప్పుడు వింటూ కాఫీ తాగి వచ్చేసింది.

ఆటలో సైతం చెల్లెలు కనపడలేదు. వనలోకంలో తెర వేయడమని ఒక విద్య ఉన్నది. ఎవరి ముఖం చూడదలచుకోలేదో వారి మీద తెర వేస్తే, ఇద్దరూ ఒకే చోట కూర్చున్నా ఒకరికొకరు కనపడరు, మాట వినపడదు. ఒంటి మీద ఉన్నవి తప్ప మిగతా వస్తువులు మాత్రం కనపడతాయి. వీరవేణి అక్క మీద ఆ తెర వేసింది.

వస్తువులు కనపడతాయన్న ఒక్క ఆశను పట్టుకుని అమ్మాజీ ప్రతి మధ్యాహ్నం ఇక్కడికి వచ్చేది. పులుసు కాచి, మట్టి గిన్నెలో పోసి, గిన్నె మీద 'వేణికి' అని రాసి, రాళ్ల పక్కన పెట్టి వెళ్లేది. మరునాడు వచ్చి చూస్తే గిన్నె ఉండేది కాదు. ఆ ఖాళీ చూడగానే ఆమె గుండె కుదుటపడేది. కోపం కోపమే, పిల్ల తిండి మీద మాత్రం అలగలేదు, వచ్చింది, తిన్నది, పోయింది. ఆరు నెలల పాటు అమ్మాజీ ఆ ఖాళీని చూసుకునే బతికింది. ఎవరి జాకెట్టో కొలత తప్పి వాళ్లు నాలుగు మాటలన్న రోజున కూడా, చెల్లెలు తిన్నదిలే అనుకుంటే ఆమెకు ఆ పూట అన్నం సహించేది.

ప్రతి క్షేత్రానికీ ఒక పశువుల కాపరి ఉండాలి కదా, మన క్షేత్రానికీ ఉన్నాడు. తాతబ్బాయిగారు ఆర్టీసీలో కండక్టరు. పెరట్లో పనసకాయ కోయబోయి నిచ్చెన జారి కాలు విరగగొట్టుకుని మూడు నెలలు మంచాన పడ్డారు. మేనకోడలు జాలిపడి ఫోన్లో ఈ ఆట పెట్టి ఇచ్చింది. కొత్తగా చేరినవారికి ఆట గేదెలు కాసే పని అప్పజెప్పుతుంది. లోకులందరూ రెండు రోజులు కాసి, చేతికి కత్తి రాగానే గేదెలను గాలికి వదిలి యుద్ధానికి పోతారు. తాతబ్బాయిగారు పోలేదు. ఎనిమిది గేదెలకూ పేర్లు పెట్టుకుని ఈ మలుపు గడ్డిలోనే స్థిరపడ్డారు. ముప్పై ఏళ్ల సర్వీసు వల్ల ఎవరు ఏ బండికి ఎక్కుతారో, ఎక్కడ దిగుతారో గమనించడం ఆయనకు ఒంటబట్టిన గుణం. ఒకనాడు అమ్మాజీ గిన్నె దించుతుండగా ఆయన గేదెల నడుమ నుంచి పలకరించారు.

"అమ్మాయిగారూ, రోజూ పన్నెండున్నర బండికి టంచనుగా వచ్చేత్తన్నారు. ఆ గిన్నె ఎవరికండి?"

"మా చెల్లికండి బాబాయిగారూ. ఆరు నెలల్నించీ పెడతన్నానండి. దానికి నా మీద కోపం. నేనెళ్లాక వచ్చి తినేసి ఎల్లిపోద్ది."

తాతబ్బాయిగారు పక్కకొచ్చిన గేదెను అదిలించారు. టిక్కెట్టు లేనివాడిని నడిరోడ్డు మీద దింపడం ఆయనకు అలవాటే గాని ఇటువంటి మాట చెప్పడం అలవాటు లేదు.

"ఆవిడ తినట్లేదండి," అన్నారు చివరకు. "నేల మీద పెట్టిన తిండి పావుగంట దాటితే దానంతటదే మాయమైపోద్దండి ఇక్కడ. ఆటోళ్లు పెట్టిన రూలండి అది. నే రోజూ సూత్తన్నాను. ఎవరూ ముట్టుకోకుండానే పోతంది."

అమ్మాజీకి ముందు సిగ్గు వేసింది. ఆరు నెలలు తనను తాను మభ్యపెట్టుకున్నందుకు చచ్చేంత సిగ్గు. ఆ వెనకనే దుఃఖం వచ్చింది. ఇంట్లో కుట్టుమిషను మీద తల ఆనించి, "అయితే అదసలు ఇటు రాటమే లేదన్నమాట," అన్నది.

"వత్తందండి! వెదురు టోపీ ఆవిడే కదండీ? ఓ రోజని లేదు, ఓ టైమని లేదు. ఓసారి పొద్దున్నే వచ్చింది, ఓసారి సందాళ వచ్చింది. వారానికో పది రోజులకో. ఈ రాళ్ల కాడ నిలబడి, బూడిద చూసి, ఎల్లిపోద్ది."

ఆ మాటతో అమ్మాజీకి అంతా అర్థమైంది. తాను చూసిన ఖాళీనే చెల్లెలూ చూస్తున్నది. తనకు అది పిల్ల తిన్నదని చెప్పింది. చెల్లెలికి అదే ఖాళీ అక్క మరిచిపోయిందని చెప్పింది. ఇంకొన్నాళ్లు ఇలాగే గడిస్తే ఆ పిల్ల రావడం కూడా మానేస్తుంది. అప్పుడు ఇద్దరికీ మిగిలిన ఈ ఒక్క చోటూ పోతుంది.

"ఈసారి వత్తే మీ సంగతి చెప్పెయ్యనాండి?"

"వద్దండి బాబూ, నా పేరెత్తితే ఇంకెప్పుడూ రాదు. మా చిన్నది మాటకి లొంగదండి. తిండికి లొంగుద్ది."

ఆ సాయంత్రం తాతబ్బాయిగారు నొప్పి మాత్ర వేసుకుని కునుకు తీయగా కల వచ్చింది. కలలో అమ్మవారు కనపడలేదు, తన బస్సే కనపడింది. మూడో సీటులో ఎవరో అన్నం క్యారేజీ మరిచిపోయారు. ప్రతి స్టేజీలోనూ ఎవరో ఒకరు ఆ సీటులో కూర్చోబోతున్నారు. ఆయన క్యారేజీ ఎత్తుతున్నారు, వారు దిగగానే మళ్లీ అక్కడే దించుతున్నారు. డిపో మేనేజరు కిటికీలోంచి తొంగిచూసి, "వాళ్లు వచ్చేదాకా అది నీ పూచీ తాతబ్బాయీ," అని మాయమయ్యాడు.

మరునాడు అమ్మాజీ గిన్నె పెట్టి వెళ్లిన పది నిమిషాలకు తాతబ్బాయిగారు లేచి, గిన్నెను ఎత్తి, మళ్లీ అక్కడే దించారు. అమ్మాజీ పెట్టి పావుగంట దాటింది, గిన్నె ఉన్నది. ఎత్తి దించితే చాలు, ఆట దానిని అప్పుడే పెట్టిన గిన్నె అనుకుంటున్నది. ఆయన సంతోషం పట్టలేక ఎనిమిది గేదెలకూ పేరు పేరునా చెప్పుకున్నారట.

మరి మంచాన ఉన్న మనిషికైనా స్నానం, భోజనం, నిద్ర తప్పవు కదా. దారినపోయే వారిని ఆపి, "ముందుకెళ్లేవోళ్లు ఓసారి గిన్నె ఎత్తి దించి ఎల్లండి బాబూ, ఎత్తి దించండి!" అని కేకలు పెట్టారు. ఆ గొంతు విని కాదనగలిగిన మొనగాడు వనలోకంలో లేడు. కవచాలు తొడిగిన వీరులు గొణుక్కుంటూనే ఎత్తి దించారు. దోపిడీయే పనిగా ఆడే ఒక ముఠా తెల్లవారుజాము వంతు తానుగా తీసుకున్నది. ఒక కొత్తవాడు ఆకలికి ఆగలేక గిన్నెను నోటి దగ్గర పెట్టుకోగా నలుగురు ఒక్కసారిగా అరిచేసరికి ఆటే కట్టేసి పారిపోయాడు. ఈ విధంగా పదకొండు రోజులు గిన్నె నిలిచింది. అమ్మాజీ రోజూ వచ్చి చూసేది, అదే గిన్నె, అదే రాత. ఈసారి గిన్నె ఉన్నందుకే ఆమెకు గుండె దడ పుట్టేది. రాలేదన్నమాట, ఇంకా రాలేదన్నమాట.

పన్నెండో రోజు పొద్దున్న వెదురు టోపీ కనుమ ఎక్కి వచ్చింది. రాళ్ల దగ్గర ఆగింది. గిన్నె మీది అక్షరాలు చదివి అక్కడే కూలబడింది.

"ఇది ఎప్పుడు పెట్టిందండీ?" అని అడిగింది వీరవేణి.

"పదకొండు రోజులైందమ్మా."

"మా అక్కేనా?"

"పేరు చెప్పొద్దన్నారండి," అన్నారు తాతబ్బాయిగారు. కాని బండి టైము అడిగితే దాచడం ఏ కండక్టరు వల్లా కాదు, అడగకపోయినా కాదు. "రోజూ పన్నెండున్నరకి వత్తారు. ఆరు నెలల్నించీ."

వీరవేణి గిన్నె అందుకున్నది. పులుసు మొత్తం తిన్నది. తరువాత ఏట్లోకి దిగి చేపలు పట్టింది.

పన్నెండున్నరకు అమ్మాజీ వచ్చేసరికి రాళ్ల పక్కన గిన్నె ఉన్నది. మీద రాత మాత్రం తనది కాదు. 'అక్కా తిను' అని ఉన్నది. అమ్మాజీ గిన్నె ఎత్తింది. తినడానికి మనసొప్పలేదు, తింటే అయిపోతుంది. కాసేపు పట్టుకుని, ఒలికిపోతుందేమో అన్నంత జాగ్రత్తగా మళ్లీ నేల మీద దించింది.

ఎదుటి రాతి మీద వీరవేణి పొద్దుటి నుంచీ కూర్చునే ఉన్నది. తెర వల్ల ఆమెకు అక్క కనపడలేదు. గిన్నె ఒక్కటే గాలిలోకి లేవడం, ఆగడం, తిరిగి దిగడం చూసింది. అప్పుడామె తెర తీసేసింది.

"తినమంటే దించేసేవేంటి?"

అమ్మాజీ తలెత్తి చూసింది. ఎదురుగా వెదురు టోపీ, చెవిలో చెల్లెలి గొంతు. "దాచుకుందామనే," అన్నది. అన్నాక గాని తానేమన్నదీ ఆమెకు తెలియలేదు. నాలుక కరుచుకున్నది. గేదెల వెనక తాతబ్బాయిగారు కళ్లు మూసుకున్నారు.

అవతల పసిబిడ్డ ఊ కొట్టడం వినపడింది.

"నీకు దాచటం తప్ప ఇంకోటి రాదక్కా," అన్నది వీరవేణి, అని భోరున ఏడ్చింది. ఆ తరువాత, అమ్మ ఆసుపత్రిలో ఉన్న ఆ తొమ్మిది రోజుల గురించీ అడిగింది. అమ్మ ఏం తిన్నది, ఏం మాట్లాడింది, ఎవరిని పిలిచింది. అమ్మాజీ ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. నిన్నే పిలిచిందే అని కూడా చెప్పింది. సాయంత్రం దాకా చెబుతూనే ఉన్నది. మధ్యమధ్య ఇద్దరిలో ఎవరో ఒకరు చెయ్యి చాచి గిన్నె ఎత్తి దించేవారు.

నేడు యాత్రికులు దర్శించే గిన్నె అదే. మరమ్మతుల కోసం ఆట ఆపిన రోజుల్లో పావుగంట లెక్క కూడా ఆగిపోతుంది గనుక భయం లేదు. తాతబ్బాయిగారు కాలు బాగుపడి డ్యూటీ చేసి, రిటైరై, ఇప్పుడు రోజూ గేదెల దగ్గరనే ఉంటున్నారు. అక్కచెల్లెళ్లు ఆదివారాలు వస్తారు. వారు వచ్చినప్పుడు చుట్టూ గుమిగూడవద్దని మనవి. ఆకలిగా ఉన్నవారు పొయ్యి మీద స్వయంగా వండుకోవచ్చు, ఆ ఒక్క గిన్నె మాత్రం తినకూడదు.

అలిగి మాట మానేసిన అన్నదమ్ములు, తెర వేసుకున్న స్నేహితులు, చెప్పవలసిన మాట చెప్పలేకపోయినవారు దూరదూరాల నుంచి ఇక్కడికి వచ్చి గిన్నె ఎత్తి దించి పోతున్నారు. కొందరికి ఫలించింది, కొందరికి ఇంకా ఫలించలేదు. అలిగినవారు తప్పక వస్తారని ఈ పుస్తకం వేసిన యాత్రికుల సంఘం పూచీ పడలేదు. మీరు దించిన క్షణం నుంచి పావుగంట పాటు గిన్నె ఉంటుంది, అంతవరకే పూచీ. వచ్చేవారు ఆ పావుగంటలోనే రావచ్చు.