శివరాత్రి మర్నాడు కొండెక్కిన అసిరయ్య

అనగా అనగా ఒక కొండ ఉందమ్మలూ. కొండకి ఈ పక్కన ఒక ఊరు, ఆ పక్కన ఇంకో ఊరు. మధ్యలో దారి ఒక్కటే, అదీ మనిషి వెనకాల మనిషి నడిచేటంత. కాళ్ళు ముడుచుకో, దుప్పట్లోకి గాలి పోతోంది.

ఈ పక్క ఊళ్ళో అసిరయ్య అని ఒకడుండేవాడు. మంచివాడే. కాకపోతే వాడికి అనుమానం. పాలు పోస్తే నీళ్ళు కలిపారనేవాడు. నీళ్ళు పోస్తే ఏం కలిపారో అనేవాడు. దారిలో ఎవరైనా నమస్కారం పెడితే, వీడికి నాతో ఏం పనుందబ్బా అని రెండు రోజులు ఆలోచించేవాడు.

వాడి పెళ్ళాం గున్నమ్మ. ఆవిడకి మాట తక్కువ, నవ్వు ఎక్కువ. వాళ్ళకి ఒక్కగానొక్క కూతురు ఎర్నమ్మ. ఆ పిల్లని కొండకి ఆ పక్క ఊళ్ళో ఇచ్చారు. పురిటికి పుట్టింటికి తెచ్చుకుందాం అనుకుంటూ ఉండగానే నెలలు నిండకుండా అక్కడే కనేసింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా ఎలా ఉన్నారో చూస్తేగాని గున్నమ్మకి ముద్ద దిగడం లేదు.

అప్పుడు శివరాత్రి వచ్చింది. గున్నమ్మ ఒక్కపొద్దుంది, జాగారం చేసింది. తెల్లారగానే ఇంక పోదాం పదమంది. ఆకాశం తోమిన పళ్ళెంలా మెరుస్తోంది. దండెం మీద గొంగడి ఉంటే గున్నమ్మ తీయబోయింది. అసిరయ్య వద్దన్నాడు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన పెద్దవాళ్ళు అంటారు కదా, నిన్నటితో పోయింది, ఇంకా మోత ఎందుకన్నాడు. చూశావా, లోకంలో అందర్నీ అనుమానించేవాడు ఆ సామెతని మాత్రం నమ్మేశాడు. ఆ మాట అన్నవాళ్ళు పల్లం వాళ్ళమ్మా. కొండని అడిగి అనలేదు.

మా పెద్దన్నయ్య కూడా అంతే. రేడియోలో వాన అంటే గొడుగు పట్టుకుని బయల్దేరేవాడు. ఒక్కనాడూ తడవలేదు, ఒక్కనాడూ గొడుగు ఇంటికి తేలేదు. సరే, అది వేరే కథ.

సగం కొండ ఎక్కేసరికి ఒక పూరిల్లు. అందులో సొంబారి అని ఒక ముసలావిడ ఉంటుంది. సోమవారం పుట్టింది కాబట్టి సొంబారి. ఆ దారిని పోయేవాళ్ళందరికీ కొండ ఇవాళ ఎలా ఉందో చెప్పడం ఆవిడ అలవాటు. ఎవరూ పెట్టిన పని కాదు.

సొంబారి వీళ్ళని కూర్చోమంది. లోయలోకి చెయ్యి చూపించింది. అక్కడ తెల్లగా, ఆవు పడుకున్నట్టు మంచు పడుకుని ఉంది. ఎండ ఇంత పొద్దున్నే చురుక్కుమంటే అది మధ్యాహ్నానికి లేచి కొండెక్కుతుంది, ఇవాళ ఆగి రేపు పొండి అంది. అసిరయ్యకి అనుమానం వచ్చింది. మమ్మల్ని ఆపితే ఈవిడకేంటి లాభం?

ఆగం అన్నాడు. అప్పుడు సొంబారి తన గొంగడి తెచ్చి ఇచ్చింది. గున్నమ్మ చెయ్యి చాపింది. అసిరయ్య కళ్ళతోనే వద్దన్నాడు. తీసుకుంటే రేపు గొంగడి ఎత్తుకుపోయాడని చెప్పదూ? గున్నమ్మ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆ తర్వాత సొంబారి ఒకే ఒక్క మాట అంది. మంచు కమ్మితే నేను తుడుము కొడతాను, ఆ చప్పుడు పట్టుకుని వెనక్కి వచ్చేయండి అని. తుడుమంటే చిన్న డోలు. దొంగలు పిలిచేది కూడా ఇలాగే కదా అనుకున్నాడు అసిరయ్య. గబగబా పైకి నడిచాడు.

కొండ నెత్తికి చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ముందు గాలి లేచింది. ఆ తర్వాత సన్నటి తుంపర. ఆ తర్వాత మంచు. ఎలా కమ్మిందనుకున్నావు? ముందు చెట్లు పోయాయి. అప్పుడు దారి పోయింది. అప్పుడు పక్కనున్న గున్నమ్మ కూడా పోయింది, చెయ్యి పట్టుకుని చూస్తే ఉంది.

ఎక్కడో తుడుము మోగింది. అదిగో అంది గున్నమ్మ. అందుకే అటు వద్దన్నాడు అసిరయ్య. ఇంకో వైపు లాక్కుపోయాడు.

మళ్ళీ మోగింది. ఈసారి వెనకనుంచి. మంచులో చప్పుడు ఎటునుంచి వస్తోందో చెవి తేల్చుకోలేదమ్మా. కానీ అసిరయ్య ఏమనుకున్నాడు? చూశావా, ఇద్దరున్నారు, చుట్టుముడుతున్నారు అనుకున్నాడు. ఇంకా దూరం నడిచాడు.

మూడోసారి తుడుము మోగేసరికి వాడి కాలి దగ్గర ఒక చుట్ట ముక్క కనిపించింది. ఎవడో మన ముందే నడుస్తున్నాడే అని గుసగుసగా అన్నాడు. చేత్తో తీసి చూశాడు. కొస ఒకవైపే నమిలి ఉంది. అలా నమిలేది వాడే. ఇందాక కాల్చి పారేసిన తన చుట్టే. ఇంతసేపూ నడిచి నడిచి బయల్దేరిన చోటికే వచ్చారు.

అప్పటికి గున్నమ్మ ఒక బండ మీద కూర్చుండిపోయింది. చీరంతా తడిసి ఒంటికి అంటుకుంది. జాగారం చేసిన ఒళ్ళు, నిన్నంతా ఖాళీ కడుపు. ఇందాకటిదాకా గజగజ ఒణికింది. ఇప్పుడు ఒణకడం లేదు.

"నాకు చలి పోయిందయ్యా. వెచ్చగా ఉంది. నువ్వు నడుస్తుండు, నేను కాస్త పడుకుని వస్తాను" అంది. అంటూనే తడి పమిట తీసి పక్కన పెట్టబోయింది.

ఇంకెవరైనా ఆ మాట నమ్మేవారు. అసిరయ్య నమ్మలేదు. ఈ చలిలో వెచ్చగా ఉండటమేంటి? మాట ఎందుకలా ముద్దగా వస్తోంది? వాడి అనుమానం జన్మానికి ఒక్కసారి సరైన చోట పడింది. గున్నమ్మ చచ్చిపోతోందని వాడికి అర్థమైంది.

అప్పుడు ఎటు పోవాలి? పొద్దుట్నుంచీ ముసలిదాన్ని అనుమానించాడు, గొంగడిని అనుమానించాడు, తుడుముని అనుమానించాడు. ఇంక అనుమానించకుండా మిగిలింది ఎవరా అని చూసుకుంటే, తనొక్కడే మిగిలాడు. వాడికి తన బుద్ధి మీదే అనుమానం పుట్టింది. అదెటు వద్దందో అటే పోదాం అనుకున్నాడు.

గున్నమ్మని వీపుకెత్తుకున్నాడు. పది అడుగులు వేసి ఆగేవాడు. తుడుము చప్పుడు పెరిగితే ముందుకి, తగ్గితే వెనక్కి. గున్నమ్మ తల వాడి భుజం మీద వాలిపోతుంటే, కూతురు పేరు చెప్పు, ఊరి పేరు చెప్పు అని అడుగుతూనే ఉన్నాడు. మొదట చెప్పింది. ఆ తర్వాత ఊఁ అంది. ఆ తర్వాత ఏమీ అనలేదు.

పొద్దు వాలే వేళకి మంచులో ఎర్రగా మంట కనిపించింది. సొంబారి గుమ్మంలో నిలబడి తుడుము కొడుతూనే ఉంది. మధ్యాహ్నంనుంచీ కొట్టి కొట్టి ఆవిడ అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. గున్నమ్మ ఒంటి మీంచి తడిచీర విప్పేసింది. పొడి బట్ట చుట్టి, దాని మీద గొంగడి కప్పి, మంటకి మరీ దగ్గర కాకుండా పడుకోబెట్టింది. కాస్త తెలివి వచ్చాక గోరువెచ్చటి అంబలి చెంచాడు చెంచాడు పట్టింది.

అప్పుడు అసిరయ్య వైపు తిరిగింది. "నన్ను అనుమానించావు, సరే బావూ. పొద్దున్న ఆ ఆకాశాన్ని ఒక్కసారైనా అనుమానించావా?"

అసిరయ్య మంటలో ఇంకో పుల్ల వేశాడు.

అంతలో గున్నమ్మ పళ్ళు టకటకమన్నాయి. ఒళ్ళంతా ఒణకసాగింది. మళ్ళీ చలి పట్టిందని అసిరయ్య కంగారుగా లేచాడు. సొంబారి వాడి చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"ఒణకనీ. మనిషి ఒంట్లోకి తిరిగొస్తోంది."

ఇంక చూడు అసిరయ్య అవస్థ. పెళ్ళాం పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఒణుకు కాస్త తగ్గితే చాలు, గున్నా, ఒణుకుతున్నావా అని అడిగేవాడు. ఊఁ అనేది. కాసేపటికి మళ్ళీ అడిగేవాడు. అలా ఎన్నిసార్లు అడిగాడో.

చివరికి గున్నమ్మ ఒక కన్ను తెరిచింది. "ఒణుకుతున్నానయ్యా. నమ్ము" అంది.

నమ్మాడు.

కొండకేమో మంచు ముసుగు,
అమ్మలూకి దుప్పటి ముసుగు.
కథ నడిచి కంచికి పోయింది,
కునుకు నడిచి ఇంటికొచ్చింది.