చివరి గుక్క

అనగనగా ఒక అడవిలో ఇప్పచెట్లు చాలా, ఆకలి కొంచెం. ఆ అడవిలో జోగయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. ఇప్పకల్లు పులియబెట్టడం అతని పని.

ఎండిన ఇప్పపూలు నానబెట్టేవాడు. చోళ్ళు, అంటే రాగులు, దంచి కలిపేవాడు. కుండలో పోసి, మూతికి ఆకు కట్టి, రెండు రోజులు ఆగేవాడు. మూడోరోజుకి తియ్యగా, పుల్లగా, ముక్కుకి ఎక్కే వాసనతో కల్లు తయారయ్యేది. పిల్లలూ, అది పెద్దవాళ్ళు మాత్రమే తాగేది. అడవిలో కూడా జోగయ్య చిన్నవాళ్ళకి చుక్క పోసేవాడు కాదు. పొద్దంతా పనిచేసి ఒళ్ళు హూనమైన జంతువులు సాయంత్రానికి అతని వాకిట్లో చేరేవాళ్ళు. దొప్పెడు ఎండుపూలు ఇస్తే బొంగెడు కల్లు. బొంగు అంటే ఒక కణుపు వెదురు, అంతే. జోగయ్య బొంగుని ఎవరూ కొలిచి చూసుకునేవాళ్ళు కాదు. అతని మీద అంత నమ్మకం.

ఆ వాకిలికి ఒక ఆనవాయితీ ఉండేది. ఎవరూ బొంగు పూర్తిగా ఖాళీ చేసేవాళ్ళు కాదు. చివరి గుక్క మిగిల్చి, వెళ్ళేటప్పుడు గుమ్మం పక్కనున్న కుండలో ఒంపి, "అవ్వా, ఇది నీ గుక్క" అని చెప్పి వెళ్ళేవాళ్ళు.

ఆ కుండ పక్కన కూర్చునేది ముళ్ళవ్వ. ముసలి ముళ్ళపంది. కళ్ళు సరిగ్గా కనిపించవు. తల్లిలేని జోగయ్యని చిన్నప్పుడు చేరదీసింది ఆవిడే. కల్లు పెట్టడం నేర్పిందీ ఆవిడే. ఆ కుండని తోడుకుండ అనేవాళ్ళు. పాలకి తోడు వేస్తేనే పెరుగైనట్టు, ఇప్పపూలకి కూడా తోడు పడాలి. లేకపోతే పూలు కుళ్ళుతాయే గాని పులియవు. ఒక్కడి కుండలోంచి తీసిన తోడు ఎక్కువకాలం బతకదని, పదిమంది గుక్కలు కలిస్తేనే అది ఏళ్ళతరబడి బతుకుతుందని ముళ్ళవ్వ చెప్పేది. రోజూ తెల్లారగానే ఆ కుండలోంచి ఒక గరిటెడు తోడు జోగయ్యకి ఇచ్చేది.

మిగిలింది అడవిలోని ముసలివాళ్ళకి. బొంగు అడుగునే కదా పువ్వు గుజ్జంతా చేరేది. అందుకని చివరి గుక్క చిక్కగా గంజిలా ఉండేది. పళ్ళూడిన కొండముచ్చు, కాలు విరిగిన కణితి దుప్పి, ఇంకా నలుగురైదుగురు పొద్దున్నే ఆకుదొన్నెలు పట్టుకొని వచ్చేవాళ్ళు. ముళ్ళవ్వ వాళ్ళకి పోసి, చివర్లో తనూ ఒక దొన్నెడు తాగేది. వానాకాలమంతా వాళ్ళకి అదే తిండి.

ఇలా ఉండగా ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. మరుసటి వేసవిలో ఇప్పచెట్లు సగం కూడా పూయలేదు. జోగయ్య కొట్టంలో పూల లెక్క చూసుకున్నాడు. రెండు రోజులు ఆలోచించి, మూడోరోజు అందరినీ వాకిట్లో కూర్చోబెట్టి ఉన్నమాట చెప్పాడు. పూలు లేవు కాబట్టి ఇకనుంచి బొంగుకి దొప్పెడున్నర ఇవ్వాలన్నాడు. కొందరు గొణిగారు. కుందేలు చెవులక్క, ఆరుగురు పిల్లల తల్లి, ముఖం చిన్నబుచ్చుకుంది. అయినా అందరూ ఒప్పుకున్నారు. చెట్లు ఎలా ఉన్నాయో వాళ్ళు కూడా చూస్తున్నారు కదా.

ఆ రోజు ముళ్ళవ్వ అతని వీపు నిమిరి, మంచిపని చేశావంది. అడిగి పెంచితే ఎవరికీ కడుపుమంట ఉండదంది.

కాని వర్షాకాలం వచ్చేసరికి జోగయ్య కొట్టంలో పూలు మళ్ళీ తగ్గాయి. మళ్ళీ అందరినీ కూర్చోబెట్టి ఇంకో అరదొప్ప అడగాలంటే నోరు రాలేదు. చెవులక్క ముఖం గుర్తొచ్చింది. పోనీ, ఎవరికీ నొప్పి తెలియని దారి ఒకటుంది కదా అనుకున్నాడు. పిల్లలూ, ఎవరికీ తెలియని దారి అని మనకి అనిపించినప్పుడే కాస్త ఆగి చూసుకోవాలి. జోగయ్య ఆగలేదు.

బొంగులు కోసేది వడ్రంగిపిట్ట చెక్కన్న. జోగయ్య అతని దగ్గరికి వెళ్ళి, కొత్త బొంగులు రెండు వేళ్ళు పొట్టిగా కోయమన్నాడు.

చెక్కన్న ముక్కు పక్కకి తిప్పి చూశాడు. "వాళ్ళకి చెబుతావా, జోగన్నా?"

"అడిగితే చెబుతాను. ఎంతని, ఒక్క గుక్క. ఒక్క గుక్కకి ఎవరూ చచ్చిపోరు."

చెక్కన్న పనిలోకి దిగాడు. పొట్టిగానే కోశాడు.

ఎవరూ అడగలేదు. జోగయ్య మొదట్లో బొంగు అందించేటప్పుడు ముఖం పక్కకి తిప్పుకునేవాడు. పదిరోజులకి అది మానేశాడు. నెలరోజులకి, ఇది తన తెలివే అనిపించింది.

తర్వాతి వేసవిలో ఇప్పచెట్లు విరగబూశాయి. అడుగు తీసి అడుగు వేస్తే పువ్వే. జోగయ్య కొట్టం నిండి, చూరు దాకా వచ్చింది. పాత బొంగు, పాత ధర మళ్ళీ తేవడానికి అంతకంటే మంచిరోజు ఉండదు. తేవాలనే అనుకున్నాడు కూడా. ఈ అమావాస్య పోనీ అనుకున్నాడు. పండగ పోనీ అనుకున్నాడు. నిండిన కొట్టం చూసుకోవడం అలవాటైపోయింది మరి. తగ్గించుకోవడానికి మనసొప్పలేదు.

మనసొప్పకపోగా ఇంకో ఆలోచన పుట్టింది. ఈసారి చెక్కన్న చేత బొంగుల మీద పువ్వులు, లతలు, నెమళ్ళు చెక్కించాడు. లోపల అడుగున నాలుగు వేళ్ళ మందాన తేనెమైనం పోశాడు. పైకి చూస్తే బొంగు పొడుగ్గా, అందంగా ఉంది. లోపల సగమే పడుతుంది. దానికి చెక్కుడుబొంగు అని పేరు పెట్టి, రెండు దొప్పలు అన్నాడు. జంతువులు వాటిని తిప్పి తిప్పి చూసి మురిసిపోయారు. మా జోగయ్య ఎంత ఎదిగాడో అన్నారు. తాగాక మాత్రం ఏదో వెలితి. ఎవరికి వాళ్ళు, నాకే దాహం ఎక్కువైందేమో అనుకున్నారు. బొమ్మలు మెచ్చుకున్న నోటితో తిట్టలేక ఊరుకున్నారు.

తిట్టలేదు గాని, పిల్లలూ, ఒక పని చేశారు. దాన్ని ఎవరూ ఎవరికీ చెప్పి చేయలేదు. చెవులక్క ఒక సాయంత్రం బొంగు ఎత్తి, చివరి గుక్క దగ్గర ఆగింది. గొంతు తడారిపోతూనే ఉంది. ఇంటి దగ్గర ఆరుగురు పిల్లలు, పొద్దున్నుంచి మేత వెతికిన కాళ్ళు. సగం గుక్క తాగి సగం ఒంపింది. మర్నాడు మొత్తం తాగేసింది. అడవిపంది కూడా అంతే చేశాడు. దుప్పులూ అంతే. కొందరు సిగ్గుపడి కుండవైపు చూడకుండా వెళ్ళిపోయేవాళ్ళు. కొందరు ఊరికే ఖాళీ బొంగు వంచి, రెండు చుక్కలు రాల్చి, "అవ్వా, ఇది నీ గుక్క" అనేవాళ్ళు.

ముళ్ళవ్వకి కళ్ళు ఆనవు గాని చెవులున్నాయి. ఒకరోజు పొద్దున జోగయ్య తోడు కోసం వస్తే, చెయ్యి పట్టుకొని ఆపింది.

"నాయనా, కుండలో చప్పుడు మారింది. ఇదివరకు బుడుంగుమనేది. ఇప్పుడు టప్పుమని ఊరుకుంటోంది. బొంగు ఏమైనా తగ్గించావా?"

జోగయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ క్షణంలో అతను నిజం చెప్పొచ్చు. అవ్వ కొట్టదు, అరవదు. మహా అయితే ఇవాళే మార్చెయ్యి అంటుంది. అతను నోరు తెరిచాడు కూడా. తెరిచిన నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"లేదవ్వా. బొంగు అదే."

"ఏదీ, ఇటివ్వు."

జోగయ్య లోపలికి వెళ్ళాడు. మూలన దుమ్ము పట్టిన పాత బొంగు ఒకటి ఉంది. దాన్ని తుడిచి తెచ్చి అవ్వ చేతిలో పెట్టాడు.

ముళ్ళవ్వ దాన్ని పైనుంచి కిందిదాకా తడిమింది. లోపల వేలు పెట్టి చూసింది. తర్వాత చిన్నగా నవ్వింది. "అదే బొంగు. అయితే నా చెవులు కూడా పోతున్నాయన్నమాట. నిన్ను అనుమానించాను నాయనా, ఏమనుకోకు."

ఆ నవ్వు జోగయ్యని చాలారోజులు పీకింది. అయినా బొంగు మార్చలేదు. ముళ్ళవ్వ మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

వానలు మొదలయ్యాయి. ముసురు పట్టి పదిహేను రోజులు వదల్లేదు. పొద్దున్నే ముసలివాళ్ళు దొన్నెలు పట్టుకొని తడుస్తూ వచ్చేవాళ్ళు. కుండలో ఉన్నది ఎంత? ముళ్ళవ్వ ముందు జోగయ్యకి గరిటెడు తీసి పక్కన పెట్టేది. అది పోతే రేపు ఎవరికీ కల్లు లేదు కదా. తర్వాత దొన్నెలవాళ్ళకి తలా కాస్త పోసేది. మరి నీకో అని కొండముచ్చు అడిగితే, నేను ముందే తాగేశానని చెప్పేది. జోగయ్యకి మాత్రం తోడు ఒక్కరోజు కూడా తగ్గలేదు. అందుకే అతనికి ఏమీ తెలియలేదు. అంతా సజావుగా ఉందనే అనుకున్నాడు.

ఒక ఉదయం జోగయ్య కల్లుకుండ మూత తీస్తే పొంగు లేదు. పూలు నల్లబడి, వాసన మారింది. తోడు బలం చాలలేదు. జోగయ్యకి ఒళ్ళు మండింది. అవ్వ ముసలిదై తోడు పాడుచేసిందని విసుక్కుంటూ గుమ్మం దగ్గరికి నడిచాడు.

ముళ్ళవ్వ కుండకి ఆనుకొని పడుకొని ఉంది. వానజల్లు మీద పడుతున్నా కదలడం లేదు. ముట్టుకుంటే ఒళ్ళు చల్లగా ఉంది. ముళ్ళ కింద ఎముకలే తగిలాయి. జోగయ్య కుండలోకి చూశాడు. అడుగంటా ఎండిపోయి ఉంది. కుండ వెనక, వాన తగలకుండా, ఒక దొన్నె మీద మోదుగాకు కప్పి, ఎగిరిపోకుండా రాయి పెట్టి ఉంది. ఆకు తీశాడు. గరిటెడు తోడు. తన వాటా.

అప్పుడే కొండముచ్చు దొన్నె పట్టుకొని వచ్చాడు. చూసి అవ్వ పక్కన కూర్చున్నాడు. దొన్నె కింద పెట్టి అన్నాడు, "'నేను ముందే తాగేశాను' అనేది అవ్వ రోజూ. మేము నమ్మాం. నీ బొంగుని నమ్మినట్టే."

జోగయ్య అవ్వని ఒళ్ళోకి తీసుకొని ఏడ్చాడు. ఒక్క గుక్కకి ఎవరూ చచ్చిపోరు అన్న తన మాటే అతని చెవుల్లో మోగుతూనే ఉంది.

అవ్వని ఇప్పచెట్టు కింద పూడ్చిపెట్టాక, అందరూ వాకిట్లో ఉండగానే, జోగయ్య చెక్కుడుబొంగులన్నీ తెచ్చి కుప్ప పోశాడు. ఒక్కొక్కటీ రాతి మీద కొట్టి పగలగొట్టాడు. లోపలి మైనం ముద్దలు బయటపడ్డాయి. పొట్టి బొంగుల సంగతి చెప్పాడు. అవ్వ చేతిలో పాత బొంగు పెట్టిన సంగతి కూడా దాచకుండా చెప్పాడు. ఎవరూ తిట్టలేదు. చెవులక్క తలవంచుకుంది. తను తాగేసిన గుక్కలు ఆవిడకి కూడా గుర్తొచ్చాయి. చెక్కన్న లేచి వెళ్ళి, ఎవరూ చెప్పకుండానే, పాత కొలతకి బొంగులు కోయడం మొదలుపెట్టాడు.

ఆ గరిటెడు తోడుని జోగయ్య కళ్ళకద్దుకొని పూలలో వేశాడు. బలం తక్కువైనా, మూడు రోజులకి ఎలాగో కల్లు పొంగింది. దొప్పెడు పూలకి నిండు బొంగు పోశాడు. పోసి, తను వెళ్ళి అవ్వ కూర్చున్న చోట, తోడుకుండ పక్కన కూర్చున్నాడు.

జంతువులు తాగారు. చివరిదాకా తాగారు. బొంగు బోర్లించి వెళ్ళిపోయారు. వాళ్ళ తప్పేమీ లేదు. రేపు కూడా నిండుగా పోస్తాడని వాళ్ళకి నమ్మకం కుదరలేదు. జోగయ్య నోరెత్తి అడగలేదు. తన వాటా బొంగు తనే కుండలో ఒంపి, ఆ తోడునే కాపాడుకుంటూ వచ్చాడు. పొద్దున్నే ముసలివాళ్ళకి కొట్టంలోని పూలు ఉడికించి పెట్టాడు. తోడు మాత్రం రోజురోజుకీ పలచబడుతోంది. ఒక్కడి గుక్కతో అది ఎన్నాళ్ళో బతకదని అతనికి తెలుసు. వానాకాలం అలాగే గడిచిపోయింది.

ముసురు విడిచిన ఒక సాయంత్రం చెవులక్క వచ్చింది. బొంగు తీసుకొని, తాగుతూ తాగుతూ ఆగింది. లోపలికి చూసింది. బొంగు నిండుగానే మొదలైంది, నిన్నా, మొన్నా, అంతకుముందూ. మెల్లగా కుండ దగ్గరికి వచ్చి ఒంపింది.

బుడుంగుమంది.

"అవ్వా, ఇది నీ గుక్క" అంది చెవులక్క పాత అలవాటుగా. అనేశాక, అవ్వ లేదని గుర్తొచ్చి నోరు మూసుకుంది.

జోగయ్య కుండకి చెవి ఆనించి అలాగే ఉండిపోయాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. చెవులక్క వెనక అడవిపంది తన బొంగు పట్టుకొని నిలబడి ఉన్నాడు. అతని వెనక దుప్పి. అందరి బొంగుల్లోనూ అడుగున ఒక్క గుక్క మిగిలి ఉంది.

తోడు బతికింది. ముళ్ళవ్వ బతకలేదు.

నీతి: నమ్మినవాళ్ళ దగ్గర చెప్పకుండా తగ్గించింది వాళ్ళ దగ్గరే ఆగదు, అందరికంటే చివర చెయ్యి చాచేవాళ్ళ నోటి దగ్గరికి వెళ్ళి ఆగుతుంది.