సగం గరిటె

రహమతుల్లాకు ఒక దువా కావాలి. అందుకే హైదరాబాదులో బస్సెక్కి, నాపరాళ్ల క్వారీల మధ్య ఉన్న చిన్న దర్గాకు వచ్చాడు. చిన్నప్పటి నుంచి అతనికి మంచీచెడూ చెప్పిన గురువు జిలానీ బాబా అక్కడే ఉంటాడు.

రహమతుల్లాది ఆన్‌లైన్ ఆటలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. జనం నెలనెలా చందా కట్టి ఆడతారు.

"కొత్తగా ఒక దీవి కట్టాం బాబా. ఊళ్లు, కోటలు, గుహలు, అంతా సిద్ధం. ఒకేసారి తెరిస్తే వారంలో ఆడేసి చందా మానేస్తారు. అందుకని ముక్కలు చేశాను. ఈ నెల ఒక ఊరు, పై నెల ఇంకో ఊరు. సోమవారం మా కంపెనీ పెద్దలకు చూపించాలి. నచ్చితే టీముకు నేనే పెద్ద. నచ్చకపోతే ఉద్యోగమే అనుమానం. నాకు మంచి జరగాలని మీరు దువా చేయాలి."

"మరి నెలంతా వాళ్లేం చేస్తారు?"

"చిల్లర పనులు పెడతాం. చంపిన తోడేలునే మళ్లీ చంపమంటాం."

"అదే తోడేలునా?"

"అదే బాబా."

"పాపం తోడేలు," అన్నాడు బాబా.

రహమతుల్లా నవ్వాడు. తర్వాత కాస్త గర్వంగానే అన్నాడు: "కడుపు నిండితే మనిషి లేచి వెళ్లిపోతాడు బాబా. నిండీ నిండకుండా ఉంచాలి. అదే నా పని."

ఎదుటివాడి ఆకలిని గుప్పిట్లో పట్టుకుని కూర్చోవడాన్ని ఈ రోజుల్లో నేర్పు అంటున్నారు.

బాబా కోప్పడలేదు. ఆ రోజు గురువారం. మధ్యాహ్నం క్వారీ కూలీలకు దర్గాలో కిచిడీ పెడతారు. అతన్ని కిచిడీ వండిన డేగిసా దగ్గరికి తీసుకెళ్లి, మూత కొంచెం జరిపి, గరిటె చేతికిచ్చాడు.

"ఇవాళ నువ్వు వడ్డించు. నీ పద్ధతిలోనే."

వరసలో మొదట నిలబడింది రాళ్లు కొట్టే సుంకులమ్మ. తల నుంచి కాళ్ల దాకా దుమ్ము. రహమతుల్లా సగం గరిటె వేశాడు. ఆమె కంచం వంక చూసింది. డేగిసా మూత వంక చూసింది.

"అయిపొచ్చిందా నాయనా? ముందే చెప్పగూడదా," అంటూ తన కంచంలోదే సగం తీసి వెనకనున్న ముసలాయన గిన్నెలో వేసింది. వరస వైపు తిరిగింది. "కిచిడీ తక్కువుందంట. ఇంట్లో సంగటి ఉన్నోళ్లు పోండి. లేనోళ్లన్నా తిననీ."

ఎవరూ గొణగలేదు. వరసలో సగం మంది ఖాళీ కంచాలు చంకన పెట్టుకుని గేటు వైపు నడిచారు.

రహమతుల్లా చేతిలో గరిటె గాలిలోనే ఆగిపోయింది. బాబా వైపు చూశాడు. బాబా వంగి మూత పూర్తిగా తీసి పక్కన పెట్టాడు. డేగిసా అంచుదాకా నిండుగా ఉంది. ఆవిరి ఇద్దరి ముఖాలకూ కొట్టింది.

రహమతుల్లా గరిటె వదిలేసి గేటు దాకా పరిగెత్తాడు.

"అన్నా, అక్కా, వెనక్కి రండి. చాలా ఉంది."

"ఉంటే మరి ఎందుకు దాచినావు సామీ?" అని ఒకతను అడిగాడు. కోపంతో కాదు, అర్థంకాక.

రహమతుల్లా అతని చేయి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాడు.

అందరూ తిన్నారు. సుంకులమ్మ మారు వేయించుకుని, "ఇప్పుడు పెట్టినావు," అంది.

చివరికి గురుశిష్యులిద్దరే మిగిలారు. అడుగున మిగిలిన కిచిడీ ఒక గరిటె బాబా అతని కంచంలో వేశాడు. రహమతుల్లా నోట్లో పెట్టుకోకుండా కలుపుతూనే కూర్చున్నాడు.

"అన్ని ఊళ్లూ ఒకేసారి తెరుద్దామని చెబుతాను బాబా. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో."

"ముందు తిను. చల్లారిపోతోంది."

"జనం వారంలో ఆడేసి వెళ్లిపోతే?"

బాబా అతని కంచంలో ఇంకో గరిటె వేశాడు.

"ఆకలిని మళ్లీ పైవాడు పుట్టిస్తాడు బేటా. నువ్వు మళ్లీ వండు."